రిపోర్ట్ బటన్ దగ్గరే ఆగిపోకండి

2025 మొదట్లో ఒక ఫొటోల యాప్‌లో నా పేరుతో ఎవరో అకౌంట్ తెరిచారు. పేరులో ఒక చుక్క ఎక్కువ, అంతే తేడా. ప్రొఫైల్ ఫొటో మా మరిది పెళ్లిలో తీసింది. లోపల పోస్టులు చూస్తే మొహం నాది, ఒళ్లు ఇంకెవరిదో. వాటిలో కొన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేనివి. పైన బయోలో నా మొబైల్ నంబర్. ముక్కూమొహం తెలియని వాళ్ల నుంచి అర్ధరాత్రి వీడియో కాల్స్ వస్తుంటే ఏదో లోన్ యాప్ గోల అనుకున్నాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పక్కకి పిలిచి, ‘అక్కా, ఇది మీరేనా?’ అని ఫోన్ చూపించాకే సంగతి అర్థమైంది.

మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం. కె.ఆర్.పురంలో ఇల్లు, మారతహళ్లి దగ్గర ఒక కంపెనీలో పేరోల్ పని. ఆ దొంగ అకౌంట్ ఫాలో అవుతున్నది మా ఆఫీసు వాళ్లని, మా అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లని, హిందూపురంలో మా పెదనాన్న కొడుకులని. ఊళ్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో మూడు చోట్లా నాకు ఎవరెవరు తెలుసో తెలిసినవాడి పని అది. ఎవరై ఉంటారా అని ఆలోచిస్తూ కూర్చుంటే నిద్ర పట్టేది కాదు. లిఫ్ట్‌లో ఎవరైనా నవ్వితే కూడా అనుమానమే.

అమ్మ ఫోన్లో, ‘ఎవరికీ చెప్పుకోవద్దు పాపా, నీ అకౌంట్ కూడా తీసేయి, కొన్నాళ్లకి అందరూ మర్చిపోతారు’ అంది. నా అకౌంట్ తీసేస్తే నా పేరు మీద మిగిలేది ఆ దొంగ అకౌంట్ ఒక్కటే కదా అమ్మా అన్నాను. మా ఆయన మాత్రం నయం. మొదటి రోజే తను స్వయంగా బంధువులకి ఫోన్ చేసి, ‘అది మా ఆవిడ అకౌంట్ కాదు, మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, తిట్లు మాత్రం తిరిగి పంపకండి’ అని చెప్పేశాడు. అలా చెప్పకపోయుంటే నేను సగం బలం ఇంట్లోనే పోగొట్టుకునేదాన్ని.

అందరూ చేసే పనే మేమూ చేశాం. అకౌంట్ పక్కన మూడు చుక్కలు, అందులో రిపోర్ట్, అందులో ‘ఇంకొకరిలా నటిస్తున్నారు’, అందులో ‘నాలా’. ఆఫీసులో స్నేహితులు కూడా నొక్కారు. ఎక్కువమంది రిపోర్ట్ కొడితే అకౌంట్ దానంతట అదే ఎగిరిపోతుందని ఒక నమ్మకం ఉంది చూశారా, దాన్ని మేమూ నమ్మాం. జవాబు వచ్చింది. మీరు రిపోర్ట్ చేసిన అకౌంట్ మా కమ్యూనిటీ గైడ్‌లైన్స్‌కి విరుద్ధంగా లేదు, మీకు ఇబ్బందిగా ఉంటే బ్లాక్ చేసుకోవచ్చు, అని. నా మొహం నాకు కనిపించకుండా దాచుకోమని సలహా అన్నమాట. మిగతా ఊరంతా చూస్తూనే ఉంటుంది.

మా కంపెనీ లేబర్ కేసులు చూసే లాయరమ్మ ఒకావిడ ఉన్నారు, నెల్లూరు వైపు వాళ్లు. పీఎఫ్ కాగితాల పని మీద వచ్చినప్పుడు మొహమాటం పక్కనపెట్టి చెప్పాను. ఆవిడ ఫోటోలు చూపించమని కూడా అడగలేదు. ‘కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశావా?’ అన్నారు.

‘రిపోర్ట్ కొట్టాను కదా మేడమ్.’

‘ఆ బటన్ కంపెనీ తన కోసం పెట్టుకుంది. గ్రీవెన్స్ ఆఫీసర్ని పెట్టమన్నది చట్టం. బటన్ నొక్కితే వాళ్ల రూల్‌బుక్ చూస్తారు. ఆఫీసర్‌కి రాస్తే మన రూల్‌బుక్ చూడాలి.’

ఆ సాయంత్రం ఇంటికొచ్చి 2021 ఐటీ రూల్స్ చదివాను. పేరు చాలా పెద్దది, మధ్యవర్తుల (అంటే ఇలాంటి ప్లాట్‌ఫామ్‌ల) మార్గదర్శకాలు, డిజిటల్ మీడియా నైతిక నియమావళి అని. అందులో నాకు కావలసింది రూల్ 3(2)(బి) ఒక్కటే. ఒక మనిషి ఒంటిని నగ్నంగా చూపించేవి, లైంగిక చర్య చూపించేవి, ఇంకొకరిలా నటించేవి, మార్ఫింగ్ చేసిన ఫొటోలతో సహా, వీటి మీద ఆ మనిషి గానీ, ఆ మనిషి తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలి. మామూలు ఫిర్యాదులకైతే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఇవి అప్పటి గడువులు, తర్వాత కొన్ని మారాయి. దేశంలో 50 లక్షల కంటే ఎక్కువ మంది వాడేవాళ్లున్న ప్లాట్‌ఫామ్ అయితే ఆ గ్రీవెన్స్ ఆఫీసర్ ఇండియాలోనే ఉండాలి, పేరూ అడ్రసూ సైట్‌లో పెట్టాలి. పెట్టారు కూడా. కాకపోతే ఆ పేజీ హెల్ప్ సెంటర్‌లో ఎంత లోపల ఉందంటే, గూగుల్‌లో ‘గ్రీవెన్స్ ఆఫీసర్ ఇండియా’ అని కొడితే తప్ప నాకు దొరకలేదు. అదే యాప్‌లో స్నేహితురాలు చీర కొన్న షాపు ప్రకటన మాత్రం నేను వెతక్కుండానే రోజుకి పదిసార్లు కనిపిస్తుంది.

మెయిల్ రాసే ముందు లాయరమ్మ ఒక జాగ్రత్త చెప్పారు. తీసేయించే తొందరలో సాక్ష్యం పోగొట్టుకోవద్దని. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అకౌంట్ పూర్తి లింకు, ఒక్కో పోస్టు లింకు, తేదీ టైమ్ కనిపించేలా కంప్యూటర్ బ్రౌజర్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు, అకౌంట్‌ని కిందికి జరుపుతూ తీసిన స్క్రీన్ రికార్డింగ్, కాల్స్ వచ్చిన నంబర్ల జాబితా. ఆ ఫొటోలకి అసలు ఏ ఫొటో నుంచి మొహం కత్తిరించారో ఆ ఒరిజినల్ ఫైళ్లు. ఇవన్నీ ఏ ఫోన్లో ఉన్నాయో ఆ ఫోన్ మార్చవద్దు, ఫార్మాట్ కొట్టవద్దు. కోర్టు దాకా వెళితే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, అప్పుడు ఫోన్ ఏదని అడుగుతారు.

అకౌంట్ తీసేశాక పోలీసులు వాడిని ఎలా పట్టుకుంటారు అని నాకు సందేహం. దానికీ అదే రూల్స్‌లో జవాబు ఉంది. తీసేసిన పోస్టుని, దానికి సంబంధించిన వివరాలని కంపెనీ దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలి. అకౌంట్ రద్దయినా రిజిస్ట్రేషన్ వివరాలు మరో 180 రోజులు ఉంచాలి. అంటే జనం చూడకుండా పోతుంది, వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. కాబట్టి ముందు పోలీసా, ముందు తీసివేతా అని తలపట్టుకోనక్కర్లేదు. రెండూ ఒకేసారి మొదలుపెట్టవచ్చు. కానీ ఆ 180 రోజుల గడువు దాటాక పోలీసులు అడిగితే ‘మా దగ్గర లేవు’ అనొచ్చు. పోలీస్ స్టేషన్ విషయంలో తాత్సారం చేసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మెయిల్ చిన్నదే. నేను ఫలానా, ఈ లింకులో ఉన్న అకౌంట్ నాది కాదు, నాలా నటిస్తోంది, ఈ లింకుల్లో ఉన్నవి నా మొహంతో మార్ఫ్ చేసిన ఫొటోలు, వీటికి నా అనుమతి లేదు, 2021 ఐటీ రూల్స్ 3(2)(బి) ప్రకారం 24 గంటల్లో తీసేయండి, 180 రోజులు రికార్డు భద్రపరచండి. జతగా మొదటి అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్. నా బాధ, మా అత్తగారి బీపీ, ఇవేమీ రాయలేదు. మొదటి డ్రాఫ్టులో రాశాను, లాయరమ్మ కొట్టేశారు. చదివేవాడికి రూల్ నంబర్ కనిపించాలి, కన్నీళ్లు కాదు అన్నారు.

ముందు నంబర్‌తో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి బయటికి వచ్చి చూస్తే అకౌంట్ లేదు. అంతమంది బటన్ నొక్కినా కదలని అకౌంట్ అది. అదే కంపెనీ, అవే ఫొటోలు. ఫిర్యాదు వెళ్లిన దారి మారింది, అంతే. నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది. యాప్ వాడే కోట్ల మందికి ముందు కనపడేది బటనే. రెండో దారి ఉన్నట్టు ఆ బటన్ పక్కన ఒక్క లైను రాయడానికి వీళ్లకి ఏం అడ్డం?

పోలీసుల సంగతి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అది ముఖ్యంగా డబ్బు పోయినవాళ్ల కోసం, ఇలాంటివి పోర్టల్‌లో పెట్టమన్నారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకి సంబంధించిన ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు, పేరు చెప్పి తర్వాత ఏమైందో ట్రాక్ చేసుకోవచ్చు. పేరు చెప్పకపోతే కేసు ఎంత దూరం వెళ్లిందో మనకి తెలియదు, అందుకే నేను పేరుతోనే పెట్టాను. దాని ప్రింటవుట్ తీసుకుని మా డివిజన్ సెన్ స్టేషన్‌కి వెళ్లాం. సెన్ అంటే సైబర్, ఎకనామిక్, నార్కోటిక్స్ నేరాలు చూసే స్టేషన్. అప్పటికి బెంగళూరులో ఒక్కో డివిజన్‌కి ఒకటి ఉండేది. ఐటీ చట్టం కేసుని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తక్కువైన వాళ్లు దర్యాప్తు చేయకూడదు, అందువల్ల మామూలు స్టేషన్‌కి వెళ్లినా చివరికి ఇక్కడికే పంపుతుంటారు.

నా కన్నడ కూరగాయల బండి వరకు పనికొస్తుంది, ఫిర్యాదు రాసేంత లేదు. అక్కడ రైటర్ దగ్గర కూర్చున్న కానిస్టేబుల్ నా తడబాటు చూసి, ‘తెలుగులో చెప్పండమ్మా, మాది చింతామణి, మా ఇంట్లో తెలుగే’ అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ నేను తెలుగులో చెప్పింది అతను కన్నడలో రాస్తున్నప్పుడు ‘ఇలా పెట్టనా’ అని ఒక్కో వాక్యం అడగడం, వెనక బెంచీ మీద క్రిప్టోలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వింటూ ఉండటం, అది మాత్రం కష్టంగానే ఉంది. మహిళా ఆఫీసర్ కావాలని అడిగితే పక్క గదిలోకి తీసుకెళ్లారు. అడిగితేనే.

అకౌంట్ పోయింది కదా, ఇంక ఎఫ్ఐఆర్ ఎందుకు, అర్జీ తీసుకుని విచారిస్తాం అన్నారు మొదట. ఇక్కడ కొంచెం చట్టం తెలిసి ఉండటం ఉపయోగపడింది. ఇంకొకరి గుర్తింపు వాడుకోవడం ఐటీ చట్టం 66సి, వేషం మార్చి మోసం చేయడం 66డి, అశ్లీలం పెట్టడం 67. మొదటి రెండింటికీ మూడేళ్ల వరకు జైలు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. ఆ తర్వాత అటో ఇటో తేల్చాలి. నేను గొడవపడలేదు. ‘సరే సార్, ప్రాథమిక విచారణ అని రాసి ఇవ్వండి, 14 రోజుల తర్వాత వస్తాను’ అన్నాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి వచ్చి, ఎఫ్ఐఆర్ కట్టారు. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు.

ఎఫ్ఐఆర్ వచ్చిన వారంలోపే రెండో అకౌంట్. ఈసారి వాడు తెలివి మీరాడు. ఫొటోలు కాకుండా, నా ఫొటోని ఏఐ టూల్‌లో వేసి కార్టూన్‌లా చేసిన బొమ్మలు. బయోలో ‘పేరడీ’ అని రాశాడు. కింద రాసేవి మాత్రం అవే బూతులు. నంబర్ కూడా నాదే, మధ్యలో ఖాళీలు పెట్టి. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మళ్లీ రాశాను. ఇది వ్యంగ్యం పరిధిలోకి వస్తుంది, తీసేయలేం అని జవాబు.

అప్పుడు వెళ్లింది గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి, జీఏసీ అంటారు. 2022 అక్టోబరు సవరణతో వచ్చింది. 2023 జనవరిలో మూడు కమిటీలు వేశారు, మార్చి 1 నుంచి పోర్టల్ పనిచేస్తోంది. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అక్కడ అప్పీలు చేయాలి. అంతా ఆన్‌లైన్‌లోనే, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. కమిటీ కూడా 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. అప్పీలులో ఒక్కటే రాశాను. పేరడీ అయితే నా ఫోన్ నంబర్ ఎందుకు? బొమ్మ గీసినా అది నా మొహమని మా ఆఫీసు వాళ్లందరూ గుర్తుపట్టారు, వాళ్ల మెసేజ్‌లు ఇవిగో. కంపెనీ తన జవాబు చెప్పుకోవాల్సిన సమయానికే అకౌంట్ మాయమైంది. తీసేశాం కాబట్టి ఇక వివాదం లేదన్నారు, అప్పీలు ముగిసింది. అంటే మొదట ఎందుకు కాదన్నారో ఎవరూ చెప్పాల్సిన అవసరం పడలేదు. ఇంకో ఆడపిల్లకి ఇదే జరిగితే చూపించుకోవడానికి ఒక ఆర్డర్ కూడా లేకుండా పోయింది. ఈ విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2026 ఫిబ్రవరిలో రూల్స్ మళ్లీ మార్చారు. నాకు 24 గంటలున్న గడువు ఇప్పుడు 2 గంటలు. మామూలు ఫిర్యాదుకి 15 రోజులు కాస్తా 7 రోజులయ్యాయి. ఏఐతో చేసినదానికి లేబుల్ తప్పనిసరి చేశారు. వినగానే మా ఆయన ‘భలే’ అన్నాడు. నాకు అంత ఉత్సాహం రాలేదు. రెండు గంటల్లో మనిషి కూర్చుని చూసేది ఎంత? మెషిన్‌కి అప్పగిస్తారు. మెషిన్ నా దొంగ అకౌంట్‌తో పాటు, ఎవరో అమ్మాయి తన మీద జరిగిన వేధింపు గురించి పెట్టిన పోస్టుని కూడా ఊడ్చేయవచ్చు. ఆన్‌లైన్‌లో రాసిన మాటలకి అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ గుర్తుండే ఉంటుంది. 2012లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ముంబై బంద్ గురించి ఒక ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు ఒక అమ్మాయిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ఆన్‌లైన్‌లో ఆడవాళ్ల రక్షణ అని మొదలైన మాట ఎవరి నోరు మూయడానికి వాడతారో ముందుగా చెప్పలేం.

బెంగళూరులోనే, కర్ణాటక హైకోర్టులో, సహయోగ్ పోర్టల్ మీద ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ వేసిన కేసు 2025 సెప్టెంబరులో కొట్టేశారు. అధికారులు ప్లాట్‌ఫామ్‌లకి నేరుగా తీసివేత నోటీసులు పంపే పోర్టల్ అది. పేపర్లో ఆ వార్త ఆసాంతం చదివాను. ప్రభుత్వం వాదన ఉంది, కంపెనీ వాదన ఉంది. నాలా ఒంటరిగా మెయిల్ రాసుకునే మనిషికి ఆ పోర్టల్‌లో లాగిన్ లేదు.

మెల్‌బోర్న్‌లో ఉండే మా పిన్ని కొడుకు అక్కడి పద్ధతి చెప్పాడు. ఆస్ట్రేలియాలో ఈ-సేఫ్టీ కమిషనర్ అని ఒక ప్రత్యేక ఆఫీసు 2015 నుంచి ఉంది. అంతరంగిక ఫొటోలు అనుమతి లేకుండా పెడితే బాధితులు నేరుగా ఆ ఆఫీసుకి చెప్పవచ్చు, తీసేయమని ఆ ఆఫీసే కంపెనీకి నోటీసు ఇస్తుంది, వినకపోతే జరిమానా వేయించగలదు. మన దగ్గర కంపెనీ రూల్స్ పాటించకపోతే ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ పోతుంది. అంటే వాడే వాళ్లు పెట్టిన పోస్టులకి కంపెనీ కూడా కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వినడానికి పెద్ద శిక్షే. కానీ ఒక్క పేరోల్ ఉద్యోగి మెయిల్‌కి జవాబు ఇవ్వలేదని ఆ రక్షణ పోయిందని వాదించాలంటే హైకోర్టు లాయర్ కావాలి. మన జీఏసీ కమిటీలకి అధ్యక్షులు కేంద్ర ప్రభుత్వ అధికారులే. నాకు కావాలనిపించేది గడియారం ఇంకా వేగంగా తిప్పడం కాదు. ప్రభుత్వం చేతిలో గానీ, కంపెనీ చేతిలో గానీ లేని ఒక ఆఫీసు, తీసేసినా తీసేయకపోయినా కారణం రాసి ఇచ్చే ఒక మనిషి, ఒకసారి తీసేసిన ఫొటో మళ్లీ ఎక్కకుండా చూసే బాధ్యత.

ఆ చివరిదానికి కొంత దారి ఇప్పటికే ఉంది. స్టాప్ ఎన్‌సీఐఐ అని బ్రిటన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సైట్. అంతరంగిక ఫొటోలని, మార్ఫ్ చేసినవైనా సరే, మన ఫోన్లోనే ఉంచి వాటి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారుచేస్తుంది. ఫొటో మన ఫోన్ దాటదు, కోడ్ మాత్రమే అందులో చేరిన ప్లాట్‌ఫామ్‌లకి వెళుతుంది. అదే ఫొటో ఎవరైనా ఎక్కించబోతే పట్టుకోవడానికి ఆ కోడ్ పనికొస్తుంది. 18 దాటినవాళ్లకి ఇది. పిల్లల ఫొటోలకైతే అమెరికా సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ ఉంది. ఇంట్లో చూపించలేనివని చెప్పిన ఆ ఫొటోలకి నేను ఇలా కోడ్ చేయించాను. ఆ తర్వాత అవి నాకు తెలిసి మళ్లీ కనిపించలేదు. ఫొటోని బాగా మార్చేస్తే కోడ్ తప్పించుకోవచ్చు, ఇందులో చేరని ప్లాట్‌ఫామ్ అయితే అసలు లాభం లేదు. అయినా రోజూ నా పేరు నేనే వెతుక్కునే టెన్షన్ చాలావరకు తగ్గింది.

నంబర్ మార్చుకోమని చాలామంది అన్నారు. బ్యాంకు, ఆధార్, పిల్లాడి స్కూలు, అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. మార్చలేదు. తెలియని కాల్స్‌ని ఫోన్ సైలెంట్‌లో పడేసేలా సెట్టింగ్ పెట్టుకున్నాను, కొన్నాళ్లకి వాటంతట అవే ఆగిపోయాయి. అపార్ట్‌మెంట్‌లో ఒకళ్లిద్దరు ఇప్పటికీ నన్ను చూసి మాట మార్చేస్తారు. దానికి ఏ రూల్ కిందా ఫిర్యాదు లేదు.

కేసు మాత్రం నడుస్తోంది. ప్లాట్‌ఫామ్ వివరాలు ఇచ్చింది. అకౌంట్ తెరిచిన సిమ్ నాకు పేరు కూడా తెలియని ఒక కూలీ మనిషి పేరు మీద ఉంది, ఆయనకి స్మార్ట్‌ఫోనే లేదట. అది ఎవరి చేతికి వెళ్లిందో తేలాలి. ఈలోపు నా ఫైల్ చూసిన ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యారు. కొత్తాయనకి మొదటి నుంచి మళ్లీ చెప్పాలి. చింతామణి కానిస్టేబుల్ ఫోన్ చేసి, ‘సోమవారం రండమ్మా, లింకుల ప్రింట్లు ఇంకో సెట్టు తెచ్చుకోండి, పాతవి సార్ టేబుల్ మీద కనపడటం లేదు’ అన్నాడు. తీయించి పెట్టాను.